సంతకం ఒక్కనాటిది, బాధ్యత ఏటేటా

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నారు పెద్దలు. ఈనాడు ఆ వరుసలో ‘కంపెనీ పెట్టి చూడు’ అనే మాటను కూడా చేర్చవచ్చు. తండ్రి నడిపిన దుకాణాన్ని, అన్నదమ్ములు కలిసి సాగించిన వ్యాపారాన్ని ‘ప్రైవేట్ లిమిటెడ్’గా మార్చాలని మన యువకులు ఉబలాటపడుతున్నారు. ఆ ఆకాంక్షలో తప్పు లేదు. ధర్మబద్ధమైన సంపాదన పెరగాలని, దాని ద్వారా మరో పదిమందికి ఉపాధి కలగాలని కోరుకోవడం ప్రశంసనీయమే. అయితే సలహా కోసం వచ్చేవారు సాధారణంగా ఒకే ప్రశ్న వేస్తారు: “రిజిస్ట్రేషన్‌కు ఎంత అవుతుంది?” దానికంటే ముందు వేయవలసిన ప్రశ్న మరొకటుంది: “దాన్ని ఏటేటా నిలబెట్టుకోవడానికి ఎంత అవుతుంది? ఆ భారం ఇంట్లో ఎవరెవరి మీద పడుతుంది?”

పుట్టుక ఖర్చు స్వల్పమే

మన దేశంలో కంపెనీలు 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం ఏర్పడతాయి. చట్టం కేంద్రానిదైనా ప్రతి కంపెనీ ఏదో ఒక రాష్ట్రానికి చెంది ఉంటుంది. దాని రిజిస్టర్డ్ ఆఫీసు ఏ రాష్ట్రంలో ఉంటుందో సంస్థాపన పత్రంలోనే రాయాలి. తెలంగాణ కంపెనీలు హైదరాబాదులోని రిజిస్ట్రార్ పరిధిలోకి, ఆంధ్రప్రదేశ్ కంపెనీలు విజయవాడలోని రిజిస్ట్రార్ పరిధిలోకి వస్తాయి. ఆ తర్వాత ఆఫీసును వేరే రాష్ట్రానికి మార్చదలిస్తే కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ డైరెక్టర్ ఆమోదం పొందాలి. అదొక ప్రత్యేకమైన శ్రమ, ప్రత్యేకమైన ఖర్చు. కనుక రాష్ట్రం ఎంపిక కూడా ఆలోచించి చేయవలసిన పనే.

ప్రైవేట్ కంపెనీకి కనీసం ఇద్దరు వాటాదారులు, ఇద్దరు డైరెక్టర్లు కావాలి. ఆ ఇద్దరే రెండు హోదాలూ వహించవచ్చు. పూర్వం కనీసం లక్ష రూపాయల మూలధనం చూపవలసి ఉండేది. 2015లో ఆ నిబంధనను తొలగించారు. అధీకృత మూలధనం 15 లక్షల రూపాయలు మించకపోతే నమోదుకు కేంద్రం రుసుము వసూలు చేయడం లేదు. ఇక మిగిలేవి డిజిటల్ సంతకాలు, పాన్, టాన్ నంబర్లకయ్యే చిన్న రుసుములు, రాష్ట్రానికి చెల్లించే స్టాంపు సుంకం, కాగితాలు సిద్ధం చేసే నిపుణుని పారితోషికం.

స్టాంపు సుంకం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. లక్ష రూపాయల మూలధనంతో మొదలయ్యే కంపెనీకి మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అది సుమారు 1,500 రూపాయలు. పంజాబ్‌లో పదివేలు దాటుతుంది. మూలధనం పెంచి చూపినకొద్దీ మన దగ్గర కూడా సుంకం పెరుగుతుంది. గొప్పకోసం కోటి రూపాయలని రాయించుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఏది ఏమైనా, చిన్న కంపెనీ స్థాపన ఒక మధ్యతరగతి కుటుంబానికి మోయలేని భారం కాదు. అందుకే ‘ఇంత సొమ్ముకే కంపెనీ’ అనే ప్రకటనలు అంతగా ఆకర్షిస్తాయి. ఆ ప్రకటనలు చెప్పని లెక్క మరుసటి రోజు నుండి మొదలవుతుంది.

వ్యాపారం లేకున్నా తప్పని ఖర్చు

కంపెనీ పుట్టిన 30 రోజుల్లో మొదటి ఆడిటర్‌ను నియమించాలి. 180 రోజుల్లో, వాటాల సొమ్ము అందిందనీ వ్యాపారం ప్రారంభిస్తున్నామనీ ప్రకటన దాఖలు చేయాలి. అది మరిస్తే కంపెనీకి 50,000 రూపాయల జరిమానా ఉంటుంది. బాధ్యులైన డైరెక్టర్లకు రోజుకు వెయ్యి చొప్పున లక్ష వరకు వేరుగా పడుతుంది.

ఆపైన ప్రతి ఏటా ఖాతాలు రాయాలి, ఆడిట్ చేయించాలి. డైరెక్టర్ల సమావేశాలు, వాటాదారుల వార్షిక సమావేశం జరిపి నిర్ణయాలను పుస్తకంలో నమోదు చేయాలి. ఆ సమావేశం జరిగిన 30 రోజుల్లో లెక్కల పత్రాన్ని, 60 రోజుల్లో వార్షిక నివేదికను రిజిస్ట్రార్‌కు పంపాలి. ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేయాలి. వీటికితోడు రాష్ట్రానికి చెల్లించే వృత్తి పన్ను, అవసరమైతే జీఎస్టీ దాఖలు ఉండనే ఉన్నాయి.

ఇందులో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఒక్క రూపాయి అమ్మకం జరగకపోయినా ఆడిట్ తప్పదు. లాభం సున్నా అయినా రిటర్ను తప్పదు. బండి కదలకపోయినా గేదెకు మేత వేయక తప్పదన్నట్టు, వ్యాపారం నడిచినా నడవకపోయినా కంపెనీ తన ఏటి ఖర్చు తాను అడుగుతూనే ఉంటుంది. ఈ పనులన్నింటికీ నిపుణులకిచ్చే పారితోషికం ఊరిని బట్టి, లెక్కల పరిమాణాన్ని బట్టి మారుతుంది. నమోదుకైన ఖర్చుతో పోలిస్తే ఇది తరచుగా పెద్దదే, పైగా ఏటేటా తిరిగి వచ్చేది.

పన్ను విషయం కూడా చూడాలి. కంపెనీ తన లాభం మీద పన్ను కడుతుంది. మిగిలిన లాభాన్ని డివిడెండుగా పంచితే 2020 ఏప్రిల్ నుండి అది వాటాదారుని ఆదాయంలో కలిసి, వారి స్థాయిని బట్టి మళ్ళీ పన్నుకు గురవుతుంది. భాగస్వామ్య సంస్థలో అలా కాదు. సంస్థ పన్ను కట్టాక భాగస్వామికి వచ్చే లాభపు వాటా మీద మళ్ళీ పన్ను లేదు.

ఆలస్యానికి రోజుకు వంద

లక్ష రూపాయల మూలధనం గల కంపెనీ పైన చెప్పిన రెండు పత్రాలను గడువులోగా దాఖలు చేస్తే ఒక్కోదానికి రుసుము 300 రూపాయలే. గడువు దాటితే 2018 జూలై నుండి ఒక్కో పత్రానికి రోజుకు 100 రూపాయల అదనపు రుసుము పడుతోంది. దీనికి గరిష్ఠ పరిమితి లేదు.

లెక్క వేసి చూద్దాం. రెండు పత్రాలు ఒక ఏడాది ఆలస్యమైతే 73,000 రూపాయలు. వరుసగా మూడేళ్ళు పట్టించుకోని కుటుంబాన్ని తీసుకుందాం. మూడో ఏటి గడువు వచ్చేనాటికి మొదటి ఏటి పత్రాల మీద 1,46,000, రెండో ఏటి పత్రాల మీద 73,000, మొత్తం 2,19,000 రూపాయలు పేరుకుపోతాయి. లక్ష రూపాయల మూలధనంతో పుట్టిన సంస్థ దానికి రెట్టింపు మించిన బాకీ మోస్తుందన్నమాట. ఇది వ్యాపారంలో వచ్చిన నష్టం కాదు. కేవలం కాగితం పంపనందుకు చెల్లించే మూల్యం.

‘పేరుకు మాత్రమే’ డైరెక్టరు

కుటుంబాలకు మేము ప్రత్యేకంగా చెప్పదలచిన విషయం ఇది. రెండో డైరెక్టరు కావాలన్నప్పుడు సాధారణంగా ఎవరి పేరు రాస్తున్నారు? భార్య పేరు, లేదా తల్లి పేరు. “పేరుకు మాత్రమే, నీవేమీ చేయనక్కర్లేదు” అంటూ ఆధార్ కార్డు తీసుకుంటారు, సంతకం చేయిస్తారు. ఆమెకు కంపెనీ అంటే ఏమిటో ఎవరూ వివరించరు.

చట్టంలో ‘పేరుకు మాత్రమే’ అనే డైరెక్టరు లేరు. వరుసగా మూడు ఆర్థిక సంవత్సరాలు లెక్కల పత్రాలో, వార్షిక నివేదికలో దాఖలు కాకపోతే 164వ సెక్షను ప్రకారం ఆ కంపెనీ డైరెక్టర్లు అయిదేళ్ళపాటు ఏ కంపెనీలోనూ కొత్తగా డైరెక్టరు కాలేని అనర్హతకు గురవుతారు. 2017లో కేంద్ర ప్రభుత్వం రెండు లక్షలకు పైగా కంపెనీలను రిజిస్టరు నుండి తొలగించి, మూడు లక్షలకు పైగా డైరెక్టర్లను అనర్హులుగా ప్రకటించింది. తొలగించిన కంపెనీల బ్యాంకు ఖాతాల మీద ఆంక్షలు విధించింది. రేపు ఆ గృహిణి సొంతంగా కుట్టుపని సంస్థో, బడియో కంపెనీగా స్థాపించదలిస్తే, తానెన్నడూ చూడని కాగితాల పాపం ఆమె దారికి అడ్డు నిలుస్తుంది.

ఇంటి ఇల్లాలి సంతకం ఒక అమానతు. ఆమెకు పూర్తిగా తెలియజెప్పి, ఆమె సమ్మతి పొందిన తర్వాతే దాన్ని వాడాలి. ఆమె డైరెక్టరుగా ఉంటే ఏటా ఆడిట్ నివేదికను ఆమె ముందుంచాలి, ఆమె అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఆమె ఆస్తి ఆమెదేనని అంగీకరించే మనం, ఆమె పేరును మాత్రం మన సొంతమన్నట్టు వాడుకోవడం న్యాయం కాదు.

మూసివేతకూ మూల్యమే

వ్యాపారం సాగకపోతే కంపెనీని గౌరవంగా ముగించవచ్చు. రిజిస్టరు నుండి పేరు తొలగించమని కోరే దరఖాస్తుకు రుసుము 10,000 రూపాయలు. అంతకుముందు అప్పులు తీర్చాలి, వ్యాపారం ఆగిన ఏడాది వరకు బాకీపడ్డ పత్రాలు దాఖలు చేయాలి, డైరెక్టర్లు ప్రమాణపత్రాలు ఇవ్వాలి. కొంతకాలం ఆగి మళ్ళీ మొదలుపెట్టే ఉద్దేశం ఉంటే, నిబంధనలు తగ్గించే ‘సుప్త కంపెనీ’ హోదా కోరవచ్చు. పట్టించుకోకుండా వదిలేయడమే అన్నింటికన్నా ఖరీదైన మార్గం.

మరి కంపెనీ వద్దా?

కావలసినవారికి కంపెనీయే మేలు. బయటివారి పెట్టుబడి తీసుకునేవారికి, పెద్ద కాంట్రాక్టులు కోరేవారికి, నష్టం వస్తే ఇంటి ఆస్తికి రక్షణ కావాలనుకునేవారికి అది తగిన రూపం. అయితే చిన్న కంపెనీకి అప్పిచ్చేటప్పుడు బ్యాంకులు తరచుగా డైరెక్టర్ల వ్యక్తిగత పూచీ అడుగుతాయి. ఆ పూచీ మీద సంతకం చేసినవారికి పరిమిత బాధ్యత అనే గొడుగు అంతమేరకు తొలగినట్టే. మరో వ్యత్యాసం ఉంది. మన ఫిఖ్‌హ్ గ్రంథాల్లోని షిర్కత్ సాధారణంగా భాగస్వామి మరణంతో ముగుస్తుంది. 1932 నాటి భాగస్వామ్య చట్టం కూడా, వేరే ఒప్పందం లేనప్పుడు, అదే అంటుంది. కంపెనీ మాత్రం యజమాని మరణించినా జీవిస్తుంది. దాని వాటాలు వారసత్వంలో భాగమవుతాయి, దాని లెక్కలు పిల్లలకు మిగులుతాయి.

ఒక్కరే నడిపే దుకాణానికి సొంత యాజమాన్యం చాలు. ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములకు లిఖితపూర్వకమైన భాగస్వామ్యం సరిపోవచ్చు. దాన్ని రిజిస్టరు చేయించడం మంచిది, లేకపోతే బాకీదారుల మీద సంస్థ పేరిట దావా వేసే వీలుండదు. రెండింటి మధ్య రూపం కోరేవారికి 2008 చట్టం కింద ఎల్‌ఎల్‌పీ ఉంది. అందులో వార్షిక టర్నోవరు 40 లక్షలు, భాగస్వాముల పెట్టుబడి 25 లక్షలు దాటనంతవరకు ఆడిట్ తప్పనిసరి కాదు.

కనుక సంతకానికి ముందు ఇంటివారంతా కూర్చుని ఒక కాగితం మీద రాసుకోవాలి: ఏటి ఖర్చు ఎంత, అమ్మకాలు లేని ఏడాది దాన్ని ఎవరు భరిస్తారు, పత్రాల గడువులు ఎవరు చూస్తారు, సాగకపోతే ఎప్పుడు మూసివేస్తాం. రుసుములు మారుతుంటాయి గనుక ఆనాటి లెక్కను నిపుణుని అడిగి సరిచూసుకోవాలి. డైరెక్టరుగా పేరున్న ప్రతి ఒక్కరూ, ముఖ్యంగా ఆ ఇంటి మహిళలు, ఆ కాగితాన్ని చదివాకనే సంతకం చేయాలి.