పాత సామానులో రాగి తీగ – అయిపోయిన సెల్లుతో దీపం

హైటెక్ సిటీ: చేవెళ్ళ, శంకర్‌పల్లి, ఇబ్రహీంపట్నం వైపు నుంచి బస్సెక్కి వచ్చేవారికి హైటెక్ సిటీ అనగానే అద్దాల మేడలే గుర్తుకు వస్తాయి. 1998 నవంబరులో నాటి ప్రధాని వాజ్‌పేయి ఇక్కడ సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. బండరాళ్ళు, తుప్పల మధ్య లేచిన ఆ మేడ చుట్టూ ఇప్పుడు నగరమే లేచింది. ఆ మేడల వెనుక సందుల్లో, కొండాపూర్, గచ్చిబౌలి హాస్టళ్ళ ముందు ఆగే తోపుడు బండ్ల మీద మాత్రం వేరే సరుకు కనిపిస్తుంది. పాడైన ఛార్జర్లు, మూతలు ఊడిన కంప్యూటరు పెట్టెలు, యూపీఎస్‌లు, తిరగని ఫ్యాన్లు. బండివానికి అది తూకం సరుకు. రేడియో పనుల మీద, కరెంటు పనుల మీద సరదా గల కుర్రవాళ్ళకు అందులో కనిపించేది రాగి.

రాగి విలువ మన రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు. బోరు మోటారు కాలినప్పుడల్లా వైండింగు షాపులో అది తెలిసి వస్తూనే ఉంటుంది. రాత్రికి రాత్రి పొలంలోని ట్రాన్స్‌ఫార్మరును పగులగొట్టి, నూనె ఒలకబోసి, తీగచుట్టలు ఎత్తుకుపోయే దొంగల వల్ల మడి ఎండబెట్టుకున్నవారికి మరీ బాగా తెలుసు. 2024 మే నెలలో లండన్ లోహ విపణిలో టన్ను రాగి ధర 11 వేల డాలర్లు దాటింది. మధ్యప్రదేశ్‌లోని మలంజ్‌ఖండ్ గనిలో నూరు కిలోల ముడిరాయి తవ్వితే అందులో ఉండే రాగి కిలో అటూ ఇటూ. పాత కంప్యూటరు బోర్డులు నూరు కిలోలు పోగేస్తే అందులో పది నుంచి ఇరవై కిలోల దాకా రాగే ఉంటుంది. తోపుడు బండి కూడా ఒక గనే అన్నమాట.

అయితే బోర్డుకు అంటుకున్న రాగిని ఇంట్లో తీయడం అయ్యే పని కాదు, తీయకూడదు కూడా. సరదా పనులకు కావలసింది తీగ. ట్రాన్స్‌ఫార్మరు చుట్టలో, ఫ్యాను మోటారులో, కంప్యూటరు బోర్డు మీది చిన్న చిన్న చక్రాల చుట్టూ సన్నని పూత వేసిన తీగ ఉంటుంది. ఆ పూతే దానికి తొడుగు. కత్తి మొనతోనో గరుకు కాగితంతోనో చివర గీకితేనే కరెంటు పారుతుంది. గీకకుండా అతికి, పనిచేయలేదని చిరాకు పడేవారే ఎక్కువ.

తీగ ఎంత లావో తెలియాలంటే గేజి కొలిచే పనిముట్టు అక్కరలేదు. పెన్సిలు మీద పక్కపక్కన ఇరవై చుట్లు చుట్టి, స్కేలుతో ఆ చుట్ల వెడల్పు కొలిచి ఇరవైతో భాగిస్తే సరి.

రాగి అనుకున్నదంతా రాగి కాదు. ఈ మాట అనుభవం మీద రాస్తున్నాను. మా ఇంటి అటక మీద పెద్ద గొట్టపు టీవీ ఒకటి ఏళ్ళ తరబడి పడి ఉంది. తెరచట్రం చుట్టూ నల్ల టేపు చుట్టిన లావుపాటి తీగచుట్ట ఉంటుందని విని, తెలిసిన మెకానిక్‌తో విప్పించాను. ఎర్రగా మెరిసే తీగ చూసి మురిసిపోయాను. చుట్ట చేతిలోకి తీసుకుంటే మరీ తేలికగా ఉంది. గీకి చూస్తే లోపల తెల్లగా అల్యూమినియం. ఎర్రదనమంతా పూతదే. అల్యూమినియం బరువు రాగిలో మూడో వంతుకన్నా తక్కువ, మామూలు టంకం దానికి అంటదు. కొన్ని తీగలైతే పైన రాగి, లోపల ఉక్కు. అయస్కాంతం పెడితే అవి పట్టుబడతాయి. వైండింగు షాపులో కొత్త తీగ కొనే రైతు కూడా ఈ గీకుడు పరీక్ష చేసుకోవచ్చు.

అయిపోయిన సెల్లుకు ఆయువు

ఈ తీగతో ముందుగా చేసి చూడవలసింది చిన్న దీపం. గోడ గడియారంలో, టార్చిలైటులో ఇక పనికిరాదని తీసి పారేసే సెల్లులో ఇంకా కొంత శక్తి మిగిలే ఉంటుంది. తెల్లని ఎల్ఈడీ బల్బు వెలగాలంటే దాదాపు 3 వోల్టులు కావాలి. పాత సెల్లులో ఉండేది ఒక వోల్టు, అంతకన్నా తక్కువ. తీగచుట్ట ఆ కొద్ది కరెంటును అయస్కాంత బలంగా దాచుకుని, ట్రాన్సిస్టరు ఆపినప్పుడల్లా ఒక్క ఉదుటున వదులుతుంది. ఆ ఉదుటులో వోల్టులు పెరుగుతాయి. ఇది సెకనుకు వేల సార్లు జరుగుతుంది కనుక కంటికి ఆగకుండా వెలుగుతున్నట్లే ఉంటుంది. దీనికి జౌల్ థీఫ్ అని పేరు. 1999లో ఒక ఇంగ్లీషు ఎలక్ట్రానిక్స్ పత్రికలో ఈ అమరిక వచ్చింది. శక్తిని దొంగిలిస్తుంది కాబట్టి ఆ పేరు. మన పెద్దలకు మాత్రం దేవానంద్ సినిమా గుర్తుకొస్తుంది.

పాత కంప్యూటరు బోర్డు మీద వేలి ఉంగరమంత చక్రం ఒకటి తీసుకోవాలి. నల్లని ఫెర్రైట్ చక్రమైతే మేలు. పసుపు, తెలుపు రంగులదైతే చుట్లు కొన్ని పెంచాలి. రెండు తీగలను జోడించి ఇరవై చుట్లు చుట్టాలి. ఒక తీగ చివరను రెండో తీగ మొదటికి కలిపి, ఆ ముడిని సెల్లు ప్లస్‌కు ఇవ్వాలి. మిగిలిన రెండు కొసల్లో ఒకటి ట్రాన్సిస్టరు కలెక్టరుకు, ఇంకొకటి వెయ్యి ఓముల రెసిస్టరు గుండా బేసుకు ఇవ్వాలి. ఎమిటరు సెల్లు మైనస్‌కు. బల్బు పొడుగు కాలు కలెక్టరుకు, పొట్టి కాలు ఎమిటరుకు. వెలగకపోతే ఒక చుట్ట కొసలు అటుదిటు మార్చి చూడాలి. నూటికి తొంభైసార్లు తప్పు అక్కడే ఉంటుంది. బీసీ 547 వంటి ట్రాన్సిస్టర్లు కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

మన పల్లెలకు ఇలాంటి పనిముట్లు కొత్తవేమీ కావు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా దేశంలో సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ చూపించినప్పుడు అందులో మన హైదరాబాదు జిల్లా పల్లెలు కూడా ఉన్నాయి. రంగారెడ్డి జిల్లా అప్పటికింకా విడిపోలేదు. ఆ సెట్లు తయారుచేసింది మన ఈసీఐఎల్. పైకప్పు మీద పెట్టిన గొడుగు ఆకారపు యాంటెన్నాకు వాడింది కోళ్ళగూటి జాలీ వంటి తీగ వల. ఆ రోజుల్లో పంచాయతీ ముందు చాప వేసుకుని చూసినవారు ఇంకా ఊళ్ళలో ఉన్నారు.

కాస్త ముందుకు పోయేవారికి హామ్ రేడియో ఉంది. 7.1 మెగాహెర్ట్‌జ్ మీద మాట్లాడే యాంటెన్నాకు కావలసింది 20 మీటర్ల తీగ. చెరి పది మీటర్లుగా రెండు చెట్ల మధ్య కడితే చాలు, పాత ట్రాన్స్‌ఫార్మరు చుట్టే ఇచ్చేస్తుంది. వినడం వేరు, మాట్లాడడం వేరు. మాట్లాడాలంటే కేంద్ర ప్రభుత్వ పరీక్ష రాసి లైసెన్సు పొందవలసి ఉంటుంది. ఈ విద్య కోసం 1983లోనే హైదరాబాదులో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఏర్పడింది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతి ప్రసాద్ బృందం అండమాన్‌లో ఉండగానే సునామీ వచ్చి ఫోన్లు మూగబోయాయి. వారు కట్టుకున్న తీగల మీదుగానే ఎందరి క్షేమ సమాచారాలో తీరం దాటాయి.

ముట్టుకోరానివి

గొట్టపు టీవీని పిల్లల చేతికి ఇవ్వరాదు. రంగుల టీవీ గొట్టంలో 20 వేల వోల్టులకు పైబడి పనిచేస్తుంది, ప్లగ్గు పీకిన తర్వాత కూడా కొట్టగలదు. మైక్రోవేవ్ పొయ్యి అంతకన్నా ప్రమాదం. దానిలోని ట్రాన్స్‌ఫార్మరు, కెపాసిటరు మనిషి ప్రాణం తీయగలవు. యూపీఎస్ బ్యాటరీలను, ఉబ్బిన ఫోను బ్యాటరీలను పొడవరాదు.

అన్నిటికన్నా చెడ్డది కాల్చడం. ప్లాస్టిక్ తొడుగు ఊడదీయడానికి బద్ధకించి, ఊరి చివర వైర్ల కుప్పకు నిప్పంటించేవారు ఉన్నారు. ఆ నల్లపొగలో డయాక్సిన్లనే విషాలు ఉంటాయి. బూడిదలోని సీసం వాననీటితో చెరువుకు, గడ్డితో పశువుకు, పాలతో ఇంటికి చేరుతుంది. కాలిన రాగి నల్లబడి ధర కూడా తగ్గుతుంది. బ్లేడుతో పొడుగునా చీరితే తొడుగు దానంతటదే ఊడివస్తుంది. ఈ సంగతి పంచాయతీలు పట్టించుకోవడం లేదన్నది మా అభిప్రాయం.

కంపెనీల సరుకు సంగతి వేరు. 2023 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం ఏడాదిలో వెయ్యికి పైగా యంత్రాలు వాడే సంస్థలు తమ పాత సామానును నమోదైన రీసైక్లర్లు వంటివారికే ఇవ్వాలి. కనుక ఫలానా కంపెనీ కంప్యూటర్లంటూ చవకగా అమ్మజూపేవాని వద్ద రసీదు అడగడం మంచిది. పొలం ట్రాన్స్‌ఫార్మరు తీగ సంతకు వచ్చేది కూడా రసీదు లేని దారిలోనే. బోర్డులలోని రాగిని, బంగారాన్ని శాస్త్రీయంగా వెలికితీసే పద్ధతిని చర్లపల్లిలోని సీ-మెట్ సంస్థ రూపొందించింది.

సొంతంగా ఏదైనా తయారుచేసే గ్రామీణుల కోసం 2019లో రాష్ట్రంలో ‘ఇంటింటా ఇన్నోవేటర్’ కార్యక్రమం మొదలైంది. రాయదుర్గంలో 2023 మార్చి 2న టీ-వర్క్స్ అనే పెద్ద పనిశాల తెరిచారు.

మా టీవీ గొట్టం మాత్రం విప్పిన చోటే ఉంది. గాజులో సీసం ఉంది కనుక బండివానికి ఇవ్వలేదు. పాత కంప్యూటరు బోర్డు నుంచి తీసిన చక్రంతో చేసిన దీపం, గడియారం వద్దన్న సెల్లు మీద, అటక మెట్ల దగ్గర వెలుగుతోంది.