కెల్టిక్ పదాలు: ఆదానపదాల లెక్కకు అందని ప్రభావం

ఒక భాష మరొక భాషపై చూపిన ప్రభావాన్ని కొలవడానికి ఆదానపదాలను లెక్కపెట్టడం పరిపాటి. తెలుగులోని సంస్కృత, ఉర్దూ, ఆంగ్ల పదాల గురించి మనం సిద్ధం చేసుకున్న పట్టికలు చాలావరకు ఆ పద్ధతిలో రూపొందినవే. ఆ కొలబద్ద ఎంతవరకు నమ్మదగినదో పరీక్షించడానికి కెల్టిక్ భాషలు అనువైన ఉదాహరణ. ఒకప్పుడు ఐరోపాలో విశాలమైన భూభాగంపై వ్యాపించిన ఈ భాషల నుండి పొరుగు భాషలలోకి వెళ్ళిన పదాలు సంఖ్యలో స్వల్పం. అవి ఏ రంగాలకు చెందినవి, ఏ కాలంలో చేరాయి అని అడిగినప్పుడు మాత్రం చిత్రం మారుతుంది.

కెల్టిక్ ఇండో-యూరోపియన్ కుటుంబంలో ఒక శాఖ. నేటి ఫ్రాన్సు ప్రాంతంలో పూర్వం మాట్లాడిన గాలిష్ అంతరించింది. వెల్ష్, బ్రెటన్, కార్నిష్ ఒక ఉపశాఖగా, ఐరిష్, స్కాటిష్ గేలిక్, మాంక్స్ మరొక ఉపశాఖగా నిలిచాయి. మూలభాషలోని పకారం లోపించడం ఈ శాఖ ప్రధాన లక్షణం. సంస్కృతంలోని 'పితృ' శబ్దానికి సజాతీయమైన ప్రాచీన ఐరిష్ పదం 'అథిర్'. 'పూర్ణ' శబ్దానికి 'లాన్'. పకారమే లేని ఆ భాషలోకి లాటిన్ 'ప్లాంటా' (మొలక) ప్రవేశించినప్పుడు పకారం స్థానంలో కకారం చేరి, సంతానమనే అర్థంలో 'క్లాన్' అయింది. ఇంగ్లీషులో వంశం, తెగ అనే అర్థాలతో వాడే 'క్లాన్' గేలిక్ నుండి వచ్చినదే. కెల్టిక్ పదమని మనం లెక్కలో వేసుకునే ఈ మాట నిజానికి లాటిన్ పుట్టింటికి చెందినది.

గాలిష్ నుండి లాటిన్ గ్రహించిన పదాలలో బండ్లకు సంబంధించినవి ప్రత్యేకంగా కనిపిస్తాయి. 'కర్రుస్' అంటే బరువులు మోసే బండి. 'కార్పెంటుమ్' మరొక రకం బండి. దానిని తయారుచేసేవాడి పేరు నుండి ఇంగ్లీషు 'కార్పెంటర్' పుట్టింది. 'పెటోర్రిటుమ్' నాలుగు చక్రాల బండి. ఇందులో మొదటి భాగం సంస్కృత 'చతుర్'కు, రెండవది 'రథ' శబ్దానికి సజాతీయాలని పండితుల సాధారణాభిప్రాయం. మూల పకారాన్ని పోగొట్టుకున్న గాలిష్, తరువాత 'క్వ' ధ్వనిని పకారంగా మార్చుకొని ఆ ఖాళీని పూరించుకుంది. సైన్యంతో, పాలనతో గాల్ దేశాన్ని జయించిన రోమన్లు బండి పేర్లను మాత్రం ఓడినవారి నుండే తీసుకున్నారు. విజేత భాష నుండే పదాలు ప్రవహిస్తాయనే సామాన్య సూత్రానికి ఇది అడ్డుతగులుతుంది.

'అంబాక్టోస్' కథ ఇంకా దీర్ఘమైనది. 'అంబి' అంటే చుట్టూ (సంస్కృతం 'అభితః'). 'అగ్' అంటే నడపడం (సంస్కృత ధాతువు 'అజ్'). ప్రభువు చుట్టూ మెలగే అనుచరుడని మొత్తం అర్థం. గాల్ ప్రముఖుల పరివారాన్ని వర్ణిస్తూ జూలియస్ సీజర్ ఈ పదాన్ని వాడాడు. ఇది జెర్మానిక్ భాషలలో చేరి సేవ, ఉద్యోగం అనే అర్థాలు పొంది, అక్కడి నుండి మధ్యయుగ లాటిన్‌కు తిరిగివచ్చి, ఫ్రెంచి ద్వారా ఇంగ్లీషులో 'అంబాసిడర్' అయింది. ఆ విధంగా మనకు సుపరిచితమైన 'అంబాసిడర్ కారు'లోని రెండు పదాలూ గాలిష్ మూలాలు కలవే. దీనిని తెలుగుపై కెల్టిక్ ప్రభావమనడం పొరపాటు; మనం గ్రహించినది ఇంగ్లీషు నుండే. పద మూలం, ఆదాన మార్గం రెండూ వేరు వేరు విషయాలు.

కాలనిర్ణయానికి కెల్టిక్ పదాలు ఎంతగా తోడ్పడతాయో చెప్పడానికి ఒక్క పదం చాలు. రాజు అనే అర్థంలో సంస్కృతం 'రాజన్', లాటిన్ 'రెక్స్', గాలిష్ 'రిక్స్' సజాతీయాలు. వెర్సింజెటోరిక్స్ వంటి గాలిష్ పేర్ల చివర కనిపించేది ఇదే. మూలభాషలోని దీర్ఘ ఏకారం ఈకారంగా మారడం కెల్టిక్ ధ్వనిపరిణామం. గోథిక్ ఆ ఏకారాన్ని నిలుపుకుంది. కాబట్టి గోథిక్‌లో పాలకుణ్ణి సూచించే పదం వారసత్వంగా వచ్చినదైతే అందులో ఏకారం ఉండాలి. కానీ ఉన్నది ఈకారం. అంటే అది కెల్టిక్ నుండి గ్రహించినదని తేలుతుంది. మరొక విశేషం: కెల్టిక్ ప్రాతిపదిక చివర గకారం ఉండగా, జెర్మానిక్‌లో కకారం ఉంది. గకారాన్ని కకారంగా మార్చిన 'గ్రిమ్ సూత్రం' పనిచేయడానికి ముందే ఆ పదం చేరిందన్నమాట. జర్మన్ 'రైఖ్', ఇంగ్లీషు 'రిచ్' ఈ మూలానికి చెందినవే. ఒక్క అచ్చు, ఒక్క హల్లు కలిసి, లిఖితాధారాలు లేని కాలంలో జరిగిన రాజకీయ సంపర్కానికి సాక్ష్యమిస్తున్నాయి.

బ్రిటన్ పరిస్థితి భిన్నం. 5వ శతాబ్దం నుండి అక్కడ స్థిరపడిన ఇంగ్లీషువారి భాషలో, నిస్సందేహంగా బ్రిటిష్ కెల్టిక్ అనదగిన సాధారణ పదాలు చాలా తక్కువ. 'బ్రాక్' (ఒక రకం బొరియ జంతువు), 'కూమ్' (లోయ) వంటివి కొన్ని. నేల మాత్రం వేరే సాక్ష్యం చెబుతుంది. 'ఏవన్' నది పేరుకు వెల్ష్‌లో 'నది' అనే అర్థం. 'పెండిల్ హిల్' అన్న పేరులో కొండ అనే అర్థం మూడుసార్లు ఉంది: కెల్టిక్ 'పెన్', ప్రాచీనాంగ్ల 'హిల్', దాని అర్థం మరుగున పడ్డాక మళ్ళీ చేర్చిన 'హిల్'. కెన్నెత్ జాక్సన్ 1953లో ప్రచురించిన గ్రంథంలో నదుల పేర్లను పటంపై పరిశీలించాడు. తూర్పున పెద్ద నదులకే కెల్టిక్ పేర్లు మిగిలాయి. పడమరకు వెళ్ళేకొద్దీ చిన్న వాగులకు కూడా అవి కనిపిస్తాయి.

వాక్యనిర్మాణం దగ్గరకు వచ్చేసరికి వివాదం మొదలవుతుంది. ఇంగ్లీషు ప్రశ్నలలో, నిషేధ వాక్యాలలో స్వంత అర్థం లేని 'డూ' క్రియ, వర్తమానంలో 'బి' క్రియతో కూడిన 'ఇంగ్' రూపం వెల్ష్ నిర్మాణాలను పోలి ఉన్నాయి. ఫిల్ప్యులా, క్లెమోలా, పౌలాస్టో 2008లో ఈ వాదాన్ని విస్తరించారు. ప్రతివాదం కూడా బలమైనదే: 'డూ' ప్రయోగం రచనలలో స్పష్టంగా కనిపించేది 13వ శతాబ్దం నుండి, తొలి సంపర్కానికీ దీనికీ నడుమ అనేక శతాబ్దాల మౌనం ఉంది. వ్యవహారంలో ఉన్న రూపం గ్రంథస్థం కావడానికి ఆలస్యమైందని సమాధానం చెప్పవచ్చు గాని, మౌనాన్ని సాక్ష్యంగా నిలపడం ప్రమాదకరం. ఐర్లండు ఇంగ్లీషులో అటువంటి సందిగ్ధం లేదు. ఒక పని ఇప్పుడే ముగిసిందని చెప్పడానికి అక్కడివారు 'ఆఫ్టర్' వాడి నిర్మించే వాక్యం ఐరిష్ వాక్యానికి నేరైన ప్రతిరూపం. అందులోని పదాలన్నీ ఇంగ్లీషువే. కూర్పు మాత్రం ఐరిష్.

ద్రావిడ భాషాధ్యయనం చేసేవారికి ఈ చర్చ కొత్తది కాదు. వైదిక భాషలోని మూర్ధన్యాలు, 'ఇతి' ప్రయోగం, క్త్వార్థకాలు ద్రావిడ ప్రభావమేనా అన్న ప్రశ్న ఇదే స్వభావం కలది. తెలుగు 'అని'తో 'ఇతి'ని పోల్చి చూసేవారు పోలిక దగ్గరే ఆగిపోవడం తరచు జరుగుతోంది. ఎమెనో 1956లో భారతదేశాన్ని ఒక భాషామండలంగా ప్రతిపాదించగా, హాక్ 1975లో ఋగ్వేద విషయంలో అంతర్గత పరిణామాలే చాలవచ్చునని వాదించాడు. ఐర్లండులో సంపర్కానికి లోనైన రెండు భాషల లిఖితాధారాలూ మన ముందున్నాయి. ఋగ్వేద కాలపు ద్రావిడ భాషకు అటువంటి ఆధారం ఒక్కటీ లేదు. మనకు దొరికిన తొలి తమిళ శాసనాలు ఎన్నో శతాబ్దాల తరువాతివి.