ఎండోస్కోపీకి ఏ మత్తు మంచిది?

కడుపులోకి గొట్టం వేసి చూస్తారంటే మనవాళ్ళు గొట్టానికే భయపడతారు. మత్తు సంగతి అడగరు. నిజానికి ఎండోస్కోపీలో వచ్చే చిక్కుల్లో చాలా భాగం ఊపిరికీ గుండెకీ సంబంధించినవి. వాటికి మూలం తరచు మత్తుమందే.

అమెరికాలో ఎక్కువగా వాడేవి రెండు పద్ధతులు. మొదటిది మిడజోలామ్, ఫెంటనిల్ కలిపి ఇవ్వడం. మిడజోలామ్ బెదురు పోగొడుతుంది, జరిగింది గుర్తుండనివ్వదు. ఫెంటనిల్ నొప్పి తగ్గిస్తుంది. పిలిస్తే పలికేంత మత్తు చాలు. రెండూ కలిస్తే ఒక్కొక్కటీ కొంచెమే పడుతుంది. కాని ఊపిరిని మందగింపజేయడంలో ఒకటీ ఒకటీ కలిసి రెండుకు మించిపోతాయి. 1980లలో మిడజోలామ్ ఇక్కడికి వచ్చిన కొత్తలో, నొప్పిమందుతో కలిపినప్పుడు ఊపిరి ఆగి కొందరు చనిపోయారు. ఆ తర్వాతే మోతాదు తగ్గించి, కొద్దిగా ఇచ్చి, రెండు మూడు నిమిషాలు ఆగి, చూసి ఇవ్వడం కట్టుదిట్టమైంది. రెండింటికీ విరుగుడు మందులున్నాయి. విరుగుడు ముందుగా దిగిపోయి మత్తు మళ్ళీ కమ్మవచ్చు, అందుకే ఆ తర్వాత కూడా కనిపెట్టి ఉంటారు.

రెండోది ప్రొపోఫాల్. పాలలా తెల్లగా ఉంటుంది. నిమిషంలో నిద్ర, ఆపిన కాసేపటికే తెలివి. హాయైన మందే, కాని దీనికి విరుగుడు లేదు. హాయిగా నిద్రపోవడానికీ ఊపిరి ఆగడానికీ మధ్య ఎడం తక్కువ. ఊపిరి చూడడమే పనిగా ఒక మనిషి పక్కన ఉండాలి. ఆ మనిషి మత్తు డాక్టరైతే బిల్లు వేరే వస్తుంది, ఇన్సూరెన్సు వాళ్ళను ముందే అడగండి! ఆరోగ్యవంతులకు, చిన్న పరీక్షకు మొదటి పద్ధతి సరిపోతుందని నా అభిప్రాయం. ఎక్కువసేపు పట్టే పనికీ, రోజూ నిద్రమాత్రలకు అలవాటుపడ్డవారికీ ప్రొపోఫాల్ నయం.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల విషయంలో ఇది మరీ ముఖ్యం. మన పెద్దవాళ్ళు రాత్రి వేసుకునే ఆల్ప్రజోలామ్ మాత్రను మందుల లెక్కలో వెయ్యరు. అదీ మిడజోలామ్ జాతిదే. డబ్బాలన్నీ సంచిలో వేసి పట్టుకెళ్ళండి. గురక, మందు అలవాటు, షుగరుకో బరువుకో వారానికోసారి వేసుకునే ఇంజెక్షను, ఏదీ దాచకుండా చెప్పండి. వయసు మళ్ళినవారికి మోతాదు బాగా తగ్గించాలి.

మత్తు దిగేటప్పుడు నర్సు ఇంగ్లీషులో పిలిస్తే వాళ్ళు తెలుగులో గొణుగుతారు. తెలివి వచ్చిందో లేదో ఆమెకు అంతుపట్టదు. కనుక ఆ గదిలోకి మిమ్మల్ని రానివ్వమని ముందే అడగండి. ఆ రోజు కారు నడపకూడదు. ఒంటరిగా టాక్సీ ఎక్కించి పంపడానికి చాలా ఆస్పత్రులు ఒప్పుకోవు.