నూనె చేతులెత్తేసిన చోట

క్యారమ్స్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్ నూనె కాదు, గ్రీజు కాదు. అయినా స్ట్రయికర్ జర్రున జారుతుంది. బోరిక్ ఆమ్లం స్ఫటికంలో అణువులు పొరలుపొరలుగా పేర్చినట్టు ఉంటాయి. పొరలోపల పట్టు గట్టిది, పొరకూ పొరకూ మధ్య నామమాత్రం. తోస్తే ఒకదాని మీద ఒకటి జరిగిపోతాయి. పెన్సిల్‌లోని గ్రాఫైట్ కూడా ఈ కోవదే.

యంత్రాలకు ఇలాంటి పొడుల అవసరం నూనె చేతులెత్తేసిన చోట పడింది. విపరీతమైన వేడికి నూనె మాడుతుంది, చలికి గడ్డకడుతుంది, శూన్యంలో ఆవిరైపోతుంది. గ్రాఫైటే దిక్కనుకున్నారు. తీరా రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు బాగా ఎత్తుకు వెళ్లేసరికి జనరేటర్లలోని కార్బన్ బ్రష్‌లు చూస్తుండగానే అరిగి పొడైపోయాయి. జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన రాబర్ట్ శావేజ్ 1948లో దీని గుట్టు ప్రచురించాడు. గ్రాఫైట్ జారాలంటే గాలిలోని తేమ కావాలి. అంత ఎత్తున తేమ ఎక్కడిది?

మాలిబ్డినం డైసల్ఫైడ్ తీరు దీనికి తలకిందులు. చూపుకు గ్రాఫైట్‌లాగే ఉంటుంది. ఆ రెండూ వేరని 1778లో రసాయన శాస్త్రవేత్త షీలే తేల్చేదాకా జనం పొరబడుతూనే ఉన్నారు. మాలిబ్డినానికి అటూ ఇటూ గంధకం పొరలు. శూన్యంలో దీని ఘర్షణ గుణకం 0.05 లోపుకు దిగుతుంది. తేమగాలి తగిలితే ఎన్నో రెట్లు పెరుగుతుంది, పూత త్వరగా అరుగుతుంది. అందుకే తేమ లేని అంతరిక్షంలో తిరిగే నౌకల కీళ్లకు దీన్నే పూస్తారు.

ఆ పూతా ఒకసారి పరువు తీసింది. నాసా గెలీలియో నౌకకు గొడుగులా విచ్చుకునే యాంటెనా ఉండేది. 1986 ఛాలెంజర్ ప్రమాదంతో ప్రయోగం వాయిదాపడి, నౌకను కాలిఫోర్నియాకూ ఫ్లోరిడాకూ మధ్య లారీల్లో తిప్పారు. ఆ కుదుపులకు ఊచల పిన్నుల మీది పూత అరిగిపోయిందని నిపుణులు తేల్చారు. 1991 ఏప్రిల్‌లో తెరవబోతే యాంటెనా సగంలో ఇరుక్కుంది. చిన్న యాంటెనాతోనే గురుగ్రహం కబుర్లన్నీ నత్తనడకన పంపాల్సి వచ్చింది. కోట్ల కిలోమీటర్ల ప్రయాణానికి సిద్ధమైన పూత లారీ ప్రయాణానికి తట్టుకోలేదన్నమాట!

భూమ్మీద చిక్కులు వేరు. ఇక్కడ దుమ్ము, తేమ, తుప్పు. బాలాపూర్ అనగానే మనకు వినాయకుడి లడ్డూ వేలమే గుర్తొస్తుంది గానీ, ఎల్బీనగర్‌కు నైరుతిలో ఉన్న ఆ ఊళ్లో 1997లో ఏర్పడిన ఏఆర్‌సీఐ అనే కేంద్ర పరిశోధన సంస్థ ఉంది. లోహపు పొడులు, పూతలు దాని పని. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర విజయవాడ హైవే మీద కనిపించే ఏ జేసీబీకైనా బకెట్‌ను లేపే రాడ్డు తళతళలాడుతుంటుంది. అది హార్డ్ క్రోమ్ ప్లేటింగ్. ఆ ప్లేటింగ్‌కు వాడే ఆరు సంయోజకత క్రోమియం క్యాన్సర్ కారకం. దానికి బదులుగా ఏఆర్‌సీఐ శాస్త్రవేత్తలు నికెల్-టంగ్‌స్టన్ పూతలో సిలికాన్ కార్బైడ్ సూక్ష్మకణాలు ఇమిడ్చారు. ప్లేటింగ్ తొట్టిలోకి కరెంటును ఏకధాటిగా కాక ఆపి ఆపి వదులుతారు. దాంతో లోహపు రేణువులు చిన్నవిగా ఏర్పడి పూత గట్టిపడుతుంది. రాపిడి తగ్గుతుంది, తుప్పు ఆగుతుంది, పైన రాసిన నూనె జారిపోకుండా నిలుస్తుంది కూడా.

నూనెను పూర్తిగా వదిలించే పూత కాదిది. అయినా గెలీలియో పిన్నుల కథకంటే నాకు ఇదే ముఖ్యంగా తోస్తుంది. క్రోమ్ తొట్ల పక్కన నిలబడి రోజంతా ఆ ఆవిరి పీల్చే కార్మికులు మన ఊళ్లలోనే ఉన్నారు.