నీలి సాలీడు చిరునామా

నంద్యాలలో గిద్దలూరు వైపు రైలెక్కితే గాజులపల్లె దాటాక నల్లమల మొదలవుతుంది. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు ఫోన్లు బయటికి తీస్తారు. లోయలు, వాగులు, సొరంగం. వాళ్ల ఫోటోల్లో పడని ప్రాణి ఒకటి ఆ అడవిలోనే ఉంది. ఎండిన చెట్టు తొర్రలో పగలంతా దాక్కుని, రాత్రి బయటికి వచ్చే నీలి సాలీడు. మెరిసే నీలం కాళ్ల మీద పసుపు మచ్చలు, ఒంటి మీద లేత రంగు గీతల అల్లిక. దాని ఫోటోలు మాత్రం ప్రపంచమంతా తిరుగుతున్నాయి.

అడవిలో ఫోటో తీసేవాళ్లు సాధారణంగా అడిగేది ఏ లెన్సు వాడాలి, ఏ వేళకు వెళ్లాలి అని. ఈ సాలీడు విషయంలో అంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. తీసిన ఫోటో కింద ఊరి పేరు రాయవచ్చా?

దాని కథ చూస్తే ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. 1899లో పోకాక్ అనే బ్రిటిష్ జంతు శాస్త్రవేత్త దీన్ని మొదటిసారి వర్ణించి, పొయిసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. ఆయన చేతికి వచ్చిన నమూనా గుత్తిలో, రైల్వే కలప యార్డులో దొరికింది. అందుకే ఇప్పటికీ దీన్ని గుత్తి సాలీడు అంటారు. ఆ తర్వాత వందేళ్లపాటు ఇది శాస్త్రవేత్తల కంట పడలేదు. 2001లో నంద్యాలకు, గిద్దలూరుకు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. గుత్తి అక్కడికి దాదాపు వంద కిలోమీటర్లు. నల్లమలలో కొట్టిన కలపతోపాటు రైలెక్కి గుత్తి చేరి ఉంటుందని పరిశోధకుల అంచనా. అంటే పుస్తకాల్లో నూరేళ్లు ఉన్నది తప్పు చిరునామా.

సరైన చిరునామా తెలిశాక జరిగింది వేరు. ఐరోపాలో, అమెరికాలో సాలీళ్లను గాజు పెట్టెల్లో పెంచుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నీలం రంగు వాళ్లకు అపురూపం. కొన్నేళ్లకే ఈ సాలీడు వాళ్ల సంతల్లోకి చేరింది. 2008లో ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం) దీన్ని ‘అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న’ జీవుల జాబితాలో చేర్చింది. అప్పటికి తెలిసిన ఆవాసం వంద చదరపు కిలోమీటర్ల లోపే. కలప కోసం, వంటచెరకు కోసం చెట్లు నరకడం మొదటి కారణం, పెంపకం కోసం పట్టుకుపోవడం రెండోది. 2019లో జెనీవాలో జరిగిన సమావేశంలో పొయిసిలోథీరియా ప్రజాతి సాలీళ్లన్నిటినీ సైట్స్ (అంతరించే జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) పరిధిలోకి తెచ్చారు. ఇప్పుడు అనుమతి పత్రం లేకుండా దీన్ని దేశం దాటించడం నేరం.

పట్టుకునేవాడు సాలీడును మాత్రమే తీసుకుపోడు. అది ఉండేది ముసలి చెట్టు తొర్రలో, లేచిన బెరడు కింద. బయటికి రప్పించాలంటే బెరడు ఊడబీకాలి, తొర్ర పగలగొట్టాలి. అలాంటి తొర్ర ఏర్పడటానికి చెట్టుకు దశాబ్దాలు పడుతుంది. ఆడ సాలీడు పదేళ్లకు పైగా బతుకుతుంది, మగది మూడు నాలుగేళ్లే. గుడ్లు పెట్టే ఆడవి కొన్ని పోయినా ఆ చుట్టుపక్కల సంతతి చాలాకాలం కోలుకోదు. ఇంత చిన్న చోట బతికే ప్రాణికి ఒక్క చెట్టు ఆనవాలు బయటపడినా నష్టమే.

ఫోటో ఆ ఆనవాలును రెండు దారుల్లో మోస్తుంది. మొదటిది కంటికి కనిపించదు. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే, ఫోటో ఫైల్లో తేదీ, సమయంతోపాటు అక్షాంశ రేఖాంశాలు కూడా నమోదవుతాయి. దీన్ని మెటాడేటా (ఫోటో లోపల దాగి ఉండే సమాచారం) అంటారు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో నుంచి ఈ సమాచారం తొలగిపోతుంది. అదే ఫోటోను డాక్యుమెంటుగా పంపితే చెక్కుచెదరకుండా వెళుతుంది. మంచి నాణ్యత కావాలని చాలామంది డాక్యుమెంటుగానే పంపుతారు. రెండో దారి మనం ఎదురుగా పెట్టేదే. వెనక కనిపించే వంతెన, మైలురాయి, గుడి గోపురం. ఆ ప్రాంతం తెలిసినవాడికి అవి చాలు.

ఐనాచురలిస్ట్ వంటి పౌర విజ్ఞాన వేదికలు (మామూలు జనం తాము చూసిన జీవుల వివరాలు నమోదు చేసే చోట్లు) దీనికొక ఉపాయం కనిపెట్టాయి. ప్రమాదంలో ఉన్న జీవి ఫోటో పెడితే, అసలు బిందువును దాచి, సుమారు 20 కిలోమీటర్ల పొడవు వెడల్పుల గడిలో ఎక్కడో ఒకచోట చుక్క చూపిస్తాయి. జిల్లాలో ఉందని తెలుస్తుంది, ఏ చెట్టు మీద ఉందో తెలియదు. ఫోటోగ్రాఫర్ కూడా ఇదే చేయవచ్చు. ‘నల్లమల, నంద్యాల జిల్లా’ అని రాస్తే చూసేవాళ్లకు సరిపోతుంది. కచ్చితమైన స్థలం అటవీశాఖకు, పరిశోధకులకు విడిగా చెప్పవచ్చు.

స్థలం బయటపడటమే కాదు, కెమెరాతో దగ్గరికి వెళ్లడం కూడా కొన్ని ప్రాణులకు హాని చేస్తుంది. ఇదే జిల్లాలో రోళ్లపాడు అభయారణ్యం ఉంది. మిడుతూరు మండలంలో గడ్డి మైదానం. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పాటైంది, విస్తీర్ణం 6.14 చదరపు కిలోమీటర్లు. ఈ పక్షి గూడు కట్టదు. నేల మీదే, ఎక్కువగా ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. కెమెరాతో దగ్గరికి వెళితే తల్లి లేచిపోతుంది. ఆ కాసేపట్లో కాకో కుక్కో గుడ్డును చూస్తుంది. ఫోటో తీసినవాడికి ఈ సంగతి ఎప్పటికీ తెలియకపోవచ్చు, వాడు అప్పటికే వెళ్లిపోయి ఉంటాడు. ఒకప్పుడు ఈ పక్షి కోసమే దూర ప్రాంతాల నుంచి రోళ్లపాడుకు వచ్చేవారు. ఇప్పుడు అక్కడ దాన్ని చూడటమే గగనమైపోయింది. దానికి పంటల తీరు మారడం, గడ్డి నేలలు తగ్గడం వంటి పెద్ద కారణాలున్నాయి, నేరం కెమెరాది కాదు. కానీ ఇంత తక్కువగా మిగిలిన పక్షికి ఒక్క గుడ్డు పోవడం కూడా చిన్న విషయం కాదు. గూళ్ల ఫోటోలను అసలు తీసుకోని పోటీలు అందుకే ఉన్నాయి.

చట్టం ఏం చెబుతోందో కూడా తెలియాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి ప్రవేశానికి అనుమతి ఇవ్వదగిన పనుల్లో ఫోటోగ్రఫీ ఒకటి. 2022 సవరణ దానికి ఒక షరతు చేర్చింది. ఆవాసాన్ని మార్చకూడదు, ఆవాసానికీ జంతువులకూ హాని కలగకూడదు. ఫోటోకు అడ్డం వచ్చిన కొమ్మ విరిచినా, బెరడు ఎత్తి చూసినా అది ఆవాసాన్ని మార్చడమే.

అయితే స్థలం దాచాల్సిన అవసరం అన్నిటికీ లేదు. ఆళ్లగడ్డ నుంచి అహోబిలం వెళ్లే దారిలో మాఘ ఫాల్గుణాల్లో అడవి ఆకు రాల్చాక మోదుగ ఎర్రగా, కొండగోగు పసుపుగా పూస్తాయి. ఎండలు ముదిరాక రేల పూస్తుంది.    

ఈ పూల ఫోటోల కింద ఊరు, తేదీ పూర్తిగా రాయాలి. ఏ చెట్టు ఏ వారంలో పూసిందో ఏటా నమోదు చేస్తే, వానలూ ఎండలూ మారుతుంటే పూత ముందుకు జరుగుతోందా, వెనక్కి వెళుతోందా అన్నది తేలుతుంది. దేశంలో సీజన్‌వాచ్ అనే కార్యక్రమం బడిపిల్లల చేత కూడా ఈ లెక్కే రాయిస్తోంది. చెట్టు ఒకటే ఉండాలి, నిలబడే చోటు ఒకటే ఉండాలి, వారం వారం ఫోటో తీయాలి. అహోబిలం రోడ్డు పక్కనున్న రేల చెట్టు దీనికి చక్కగా పనికొస్తుంది.