క్రైస్తవుల రక్షణ: కొన్ని యపోహలు

ఒక్క వీథిలో కాపురముండియు పొరుగువారి మతమును గూర్చి మన మెరిగినది మిక్కిలి స్వల్పము. ఇడుపులపాయయందు 2009వ సంవత్సరమున రాజశేఖరరెడ్డిగారిని సమాధి చేసినది మొదలు, వారి జయంతి వర్ధంతులకు అచట క్రైస్తవ ప్రార్థనలు జరుగుచున్నవి. పులివెందుల, జమ్మలమడుగు ప్రాంతముల స్త్రీలకు "రక్షణ" యను మాట కొత్త కాదు. కాని దానికి లోకులు చెప్పుకొను నర్థములలో పెక్కులు పొరపాటులు. అవి కలహములకును, కన్నీటికిని గూడ కారణము లగుచున్నవి గనుక వానిని విచారింతము.

రక్షణయు మన మోక్షమును ఒక్కటే యనుట మొదటి యపోహ. మోక్షమనగా జననమరణ బంధమునుండి విడుదల. క్రైస్తవులు పునర్జన్మము నంగీకరింపరు. వారికి బంధము పాపము. పాపముచే దేవునికి దూరమైన మనుజుడు క్షమింపబడి యాయనను చేరుటయే రక్షణ. అది చనిపోయిన పిమ్మట గాక యీ జీవితముననే యారంభమగునని వారి నమ్మకము.

గంజికై మతము పుచ్చుకొనిరనియు, నీట మునిగినంతనే రక్షణ వచ్చుననియు రెండవ యపోహ. మన సీమను గూడ దహించిన 1876-78 నాటి ధాత కరవులో, ఒంగోలు బాప్టిస్టు మిషనులోని క్లౌ దొరగారు బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు గొని పేదలకు పని కల్పించిరి. కరవు సాగినంత కాలము, కూటికై వత్తురేమో యను శంకచే, ఎవ్వరికిని బాప్తిస్మ మియ్యలేదు. సహాయము ముగిసిన తరువాతనే 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. బాప్తిస్మమును రోమను కతోలికులు రక్షణకు ద్వారముగాను, బాప్టిస్టులు విశ్వాసమునకు సాక్ష్యముగాను ఎంతురు. అయినను రక్షణ వెలకు దొరకునది గాదనుట యుభయులకు సమ్మతమే. యేసుతో సిలువ వేయబడిన దొంగకు పుణ్యము చేయ వ్యవధి లేదు. పశ్చాత్తప్తుడైన వానికి పరదైసు లభించినదని లూకా సువార్త తెలుపుచున్నది.

అట్లయిన నెట్లు నడచినను దోషము లేదా? ఇది మూడవ యపోహ. సుంకరియైన జక్కయ్య యేసును తన యింట చేర్చుకొని, ఆస్తిలో సగము పేదలకిచ్చి, అన్యాయముగా గొన్నదానికి నాలుగింతలు మరల నిత్తుననెను. సత్క్రియలు రక్షణకు మూల్యము గావు; దాని ఫలములు. చెట్టు బ్రదికియున్న కాయ కాయకుండునా?

నాలుగవది మిగుల క్రూరమైనది. రక్షణ గలవారికి రోగము, దారిద్ర్యము, గొడ్రాలితనము ఉండవనియు, ఉన్నచో విశ్వాసము చాలదనియు కొందఱందురు. మంచముపట్టిన కోడలిని ఈ మాట మఱింత కుంగదీయును. పౌలు తన శరీరములోని ముల్లు తొలగుటకై ముమ్మారు వేడుకొనెను, అది తొలగలేదు. తన కృపయే చాలునని ప్రభువు సెలవిచ్చెనట. పౌలునకు విశ్వాసము లేదన సాహసింపగల వారెవ్వరు? కావున జ్వరమునకు వైద్యుని పిలుచుట అవిశ్వాసము గాదు. లండను మిషనువారు జమ్మలమడుగులో ఆసుపత్రి నెలకొల్పుటయే దీనికి నిదర్శనము.

సోదరీమణులారా! ఒక మతమును స్వీకరించుట వేఱు, సరిగా నెరుగుట వేఱు. ఎరిగినచో క్రైస్తవ సోదరిని "కూటికై చేరినది" యని మనము నిందింపము. "నీకు రక్షణ లేదు" అని ఆమెయు మనలను నొప్పింపదు. పాపపుణ్యముల లెక్క దేవునిది. ఇరుగుపొరుగు మర్యాద మనది.