పక్షవాతము వచ్చినవారికి భుజము నొప్పి యేల?



పక్షవాతము వచ్చి, ప్రాణాపాయము గడచి, రోగి మెల్లగా లేచి కూర్చుండు దినములలో ఇంటివారికి క్రొత్త చింత యొకటి కలుగుచుండును. పడిపోయిన చేతివైపు భుజమున నొప్పి పుట్టును. రాత్రులు నిద్ర పట్టదు. రోగము తిరుగబెట్టినదేమో యని పెద్దలు భయపడుదురు. నోరు వంకరపోవుట, మాట తడబడుట, చేయి గాని కాలు గాని హఠాత్తుగా చచ్చుబడుట తిరుగబెట్టుటకు గుర్తులు. అవి కనబడినచో తత్‌క్షణమే ఆసుపత్రికి కొనిపోవలయును. భుజము నొప్పికి కారణములు వేరు. వానిలో పెక్కింటిని మనమే వారింపవచ్చునని నేడు మనవి చేయుచున్నాను.

తుంటి కీలు లోతైన గిన్నెలో గుండు వలె అమరియుండును. భుజపు గిన్నె అట్లుగాక మిక్కిలి లోతు తక్కువది. చుట్టునున్న కండరములే ఆ కీలును పట్టి నిలుపుచున్నవి. పక్షవాతమున అవి సడలిపోవును. 60 కిలోల మనుష్యుని చేయి ఇంచుమించు 3 కిలోలు తూగును. ఆ బరువంతయు వ్రేలాడుటచే ఎముక గిన్నెనుండి క్రిందికి జారును. త్రాళ్లు సడలిన ఉట్టివంటిదే ఆ భుజము.

అట్టి సమయమున రోగిని లేవదీయుటకు మనము రెక్క పట్టి లాగుదుము. చంకలలో చేతులు వేసి ఎత్తుదుము. ప్రేమతో చేసిన పనియే కీలునకు గాయమగును.

కొన్ని వారములకు సడలిన కండరములే బిగిసికొనుటయు కలదు. చేయి రొమ్మునకు ముడుచుకొనిపోయి కీలు బిరుసెక్కును. అప్పుడు బలవంతముగా పైకెత్తినచో లోపలి నరములు, కండరములు ఎముకల నడుమ నలుగును. కొందరికి తమ చేతిపై ధ్యాసయే యుండదు, దానిపైననే పండుకొందురు.

కావున రెక్క పట్టి లాగకుడు. నడుము పట్టి లేవదీయుడు. కూర్చున్నప్పుడు చేతిక్రింద దిండు నుంచుడు. నిలుచున్నప్పుడు చేయి వ్రేలాడనీయకుడు. తైలము రాచినను మెత్తగా రాయుడు, మెలిత్రిప్పకుడు. నొప్పి కలుగనంత మేరకే, వ్యాయామచికిత్స నెరిగినవారు చూపినట్లు, ప్రతిదినమును చేయి కదల్పుడు. అరచేయి వాచి, వేడెక్కి, ముట్టనీయనిచో వైద్యునకు వెంటనే చూపుడు.

భుజము నొప్పిగలవాడు చేయి కదల్పడు. కదల్పని చేయి కోలుకొనుట కష్టము. అందుచే ఇంటిల్లిపాదికిని, ముఖ్యముగా రోగిని లేవనెత్తు పిల్లలకును, ఈ సంగతులు పెద్దలు మీరే బోధింపవలయునని నా ప్రార్థన.